వేన్నీళ్లకూ మోటారు

అమ్మాన్, ఆదివారం.

నాన్నా, ఇక్కడ అందరం కులాసా. మీ వీపు మీద బొబ్బలు మానాయా?

ఆ రోజు స్నానం మధ్యలో మీ ఒళ్లెందుకు కాలిందో తేలింది. నీళ్లు జోరుగా రావాలని పెట్టిన మోటారును మీ అల్లుడు చన్నీళ్ల గొట్టానికే బిగించారు. కరెంటు పోయి అది ఆగగానే చన్నీళ్ల జోరు తగ్గి, మేడ మీది సోలార్ హీటరు నీళ్లే మీ మీద పడ్డాయి.

ప్లంబరు అబూ సఖ్ర్ చూసి, "ఏమయ్యా, చన్నీళ్లు సొంత బిడ్డా, వేన్నీళ్లు సవతి బిడ్డా?" అని ఆయన్ని దులిపేశాడు. గొట్టం చన్నీళ్లకూ వేన్నీళ్లకూ రెండుగా చీలే చోటికి ముందే, ట్యాంకు కిందే మోటారు పెట్టాడు. ఇప్పుడు రెండూ సమానంగా వస్తున్నాయి. ముందు మీ అల్లుణ్నే నిలబెట్టి చూశాను. అరవలేదు, పాడారు.

మేక ఈనిందా? ఎండబెట్టిన జమీద్ పెరుగు ఉండలు నాలుగు మీతో పంపమని అమ్మతో చెప్పండి.

"నీ ఇంట్లో ఇక నీళ్లు పోసుకోను" అన్న ఒట్టు తీసి గట్టున పెట్టండి. వారానికొక్కసారి వచ్చే నీళ్లు మాకు రేపే, ట్యాంకు నిండుతుంది. మీరొచ్చి స్నానం చేసేదాకా మేమెవ్వరం ట్యాంకు ముట్టం.

మీ రుదైనా