పాపకు పళ్ళు వచ్చాయని రాశాను

1943 జూన్ 11
ఆయన దగ్గరి నుంచి జాబు. నడుమ రెండు వరసల మీద నల్ల సిరా పూసేశారు. ఎవరో దొర చదివాకే మాకు చేరుతుందట. ఎక్కడ ఉన్నాడో రాయకూడదు. వానలు, జలగలు అని మాత్రం ఉంది. జలగల సంగతి శత్రువుకు తెలిసినా ఫరవాలేదు కాబోలు.
పాపకు పేరు పంపాడు. అలివేలు. పుట్టి అయిదు నెలలు, ఇన్నాళ్ళూ ఉత్త 'పాప'. పట్టాళంలో ఉన్నా సరే, తండ్రి చెప్పిన పేరే పెట్టాలని అత్త పట్టు.

జూన్ 13
జవాబు రాయడం. మా ఇంట్లో జాబు రాయడమంటే నలుగురి పని. అత్త గడప మీద కూర్చుంటుంది. బావ నా తల మీదుగా వంగి నిలబడతాడు — తమ్ముడికి ఏం చేరాలో, ఏం చేరకూడదో ఆయనకే తెలుసు. తోడికోడలు రుక్మిణక్క పొయ్యి దగ్గర నుంచి కేకేస్తుంది. కలం నాది. ఈ ఇంట్లో ఎనిమిదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే మరి.
"ఎర్రావు ఈనిందని రాయి."
"సెనిక్కాయ ఇత్తడానికి వాన కోసం సూస్తా ఉండామని రాయి."
"అందరమూ క్షేమం అని రాయి."
నాదిగా ఒక్క మాట కలపబోతే బావ పట్టేస్తాడు. "ఏందది, శానాసేపు రాస్తా ఉండావే? సదువు." మొగుడికి రాసే జాబు బావకు చదివి వినిపించాలి! చివర అత్త నాలుగు మూలలకూ పసుపు పూస్తుంది. పసుపు లేని జాబు ఈ గడప దాటదు.

జూలై 2
అలివేలు బోర్లా పడింది. రాస్తానన్నాను. "వద్దు మే రాజీ, దిష్టి తగులుతాది" — అత్త. కన్నతండ్రి దిష్టి, అదీ అంత దూరం నుంచి.

ఆగస్టు 5
పాపకు జ్వరం. సాయంత్రం అయ్యేసరికి వణుకు.

ఆగస్టు 7
బండి కట్టుకుని కాళహస్తి. డాక్టరు చూశాడు. చలిజ్వరం, క్వినైను కావాలి, లేదు. నాలుగు అంగళ్ళలో అడిగాం, ఎక్కడా లేదు. "ఉండేదంతా పట్టాళానికే పోతా ఉండాదమ్మా" అన్నాడు. మంచివాడే, తల ఎత్తకుండా చెప్పాడు. సీసాలో ఏవో ఎర్రనీళ్ళు పోసి ఇచ్చాడు.

ఆగస్టు 9
పాప పోయింది. మధ్యాహ్నం లోపలే. బావ తుండుగుడ్డలో చుట్టుకుని చేని వైపు తీసుకుపోయాడు. నన్ను రానివ్వలేదు.

ఆగస్టు 10
పాలు ఆగడం లేదు. రవిక తడుస్తూనే ఉంది.

ఆగస్టు 22
ఈ రోజు జాబు. కాగితం నేనే తెచ్చుకున్నాను, నేనే కూర్చున్నాను. ఆయనకు తెలియాలి. నా దుఃఖంలో సగం మోయవలసిన మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే.
అత్త నా చేతిలోంచి కలం లాక్కుంది.
"సావు జాబు వాడికి పంపిస్తావా? మూల సించి పంపిస్తావా?"
మా వైపు చావు కబురు మోసే జాబుకు ఒక మూల చించుతారు. అందుకున్నవాడు ఇంట్లోకి తేకుండా వీధిలోనే చదివి, చించి పారేసి, తలమీద నీళ్ళు పోసుకుని లోపలికి రావాలి.
"వాడు జాబులన్నీ సొక్కా జేబులోనే పెట్టుకుంటాడు. వాడే రాసినాడు గదా. ఆడ తల మునగను నీళ్ళుంటాయో లేవో. మైల జాబు గుండె మీద పెట్టుకోని తుపాకుల ముందరికి పోతాడు నా కొడుకు. గుండు దాన్ని ఎతుక్కుంటా వచ్చి తగులుతాది."
"ఇంక ఎన్నాళ్ళు దాస్తాం అత్తా?"
"వాడు వచ్చేదాకా. నీకు బిడ్డ పొయ్యింది. మొగుడు గూడా పోవాల్నా?"
దీనికి ఏం చెప్పాలి? ఎనిమిదో తరగతిలో దీనికి జవాబు చెప్పలేదు. కలం తీసుకున్నాను. ఎర్రావు పాలు బాగా ఇస్తోందని రాశాను. పాప క్షేమం అని రాశాను. ఆమె పసుపు పూసింది. ఒక మూలకే రెండుసార్లు పూసి, ఇంకో మూల మరిచిపోయింది. అది చూసి నాకు జాలి కలగలేదు. లేదంటే లేదు.

అక్టోబరు 3
ఆయన జాబు. "ఇక్కడ దోమలు ఎక్కువ. రోజూ సాయంత్రం వరసలో నిలబెట్టి చలిజ్వరం రాకుండా మాత్రలు మింగిస్తారు. చచ్చే చేదు. హవల్దారు అటు తిరగగానే నేను ఉమ్మేస్తాను."
ఉమ్మేస్తాడట.
పైకి చదవడం ఆపేశాను. "ఇంకేమి రాసినాడు?" అని బావ. ఏమీ లేదన్నాను. దొడ్లోకి పోయి పేడకళ్ళు ఎత్తాను. ఎన్ని ఎత్తానో తెలియదు. అక్కడ ఉమ్మేసిన మాత్రల్లో ఇక్కడికి రావలసినవి ఎన్నో. ఆయనకు తెలియక చేశాడు. తెలుసు. అయినా ఈ రోజు ఆయన మీద కోపంగా ఉంది, ఉండనీ.

నవంబరు 18
కాయలు పీకే కాలం. బావ పొద్దుగూకులూ చేనిలోనే. జాబు రాసేటప్పుడు నిలబడే తీరిక లేదు. అత్త ఎప్పటి నాలుగు ముక్కలూ చెప్పి గానుగ వైపు వెళ్ళింది. కాగితంలో సగం ఖాళీ. ఇన్నాళ్ళకు నా సొంత మాట రాసుకునే వీలు దొరికింది.
పాపకు కింద రెండు పళ్ళు వచ్చాయని రాశాను.

నవంబరు 19
నిన్న రాసింది ఎవరూ రాయమనలేదు. అత్త 'క్షేమం' అంటే చాలునంది. మరి నాకేం పట్టింది? చించేద్దామనుకున్నాను. టపా మనిషి అప్పటికే తీసుకుపోయాడు.

1944 జనవరి 20
ఆయన జవాబు. కాయల పని మొదలైనప్పటి నుంచి బావ జాబుల దగ్గర నిలబడడం మానేశాడు, ఒక్కదాన్నే చదువుకున్నాను. పళ్ళ మాట చదివి ఆ రోజంతా నవ్వుకున్నాడట. "ఇక కొరుకుతుంది, జాగ్రత్త." జాబంతా ఆ పళ్ళ గురించే. పోయిన జాబుల్లో మాత్రలు, జలగలు. దీంట్లో మనిషి ఉన్నాడు.
కూర్చుని ఇంకో జాబు రాశాను. నా బొటనవేలు కొరికిందని.

మార్చి 8
రుక్మిణక్క కూతురు సరోజ మా పాప కంటే రెండు నెలలు పెద్ద. అది చేసేదంతా చూస్తాను. రెండు నెలలు ఆగి రాస్తాను. సరోజ గోడ వదిలేసి పరుగెత్తింది — అంటే పాప మే నెలలో పరుగెత్తుతుంది. ఈ లెక్క నాకు బాగా వచ్చు.

జూన్ 2
అక్క కనిపెట్టేసింది. సరోజ చాటను తల మీద పెట్టుకుని ఆడుతుంటే నేను చూస్తూ నిలబడిపోయాను. చెయ్యి పట్టుకుని లాగింది.
"నా బిడ్డను సూసి నీ జాబులు రాసుకుంటా ఉండావు గదూ? సచ్చిన బిడ్డ లెక్కలో నా బిడ్డను కలపొద్దు, నీకు దండం పెడతాను."
తప్పేం లేదు. నేనైతే ఇంకా పెద్ద మాటలే అనేదాన్ని. సరోజను వాళ్ళ అమ్మగారింటికి పంపేసింది, వానలు పడేదాకా.

జూన్ 16
చూసి రాయడానికి పిల్ల లేదు. ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. మా పాప సరోజలాగా చాట జోలికి పోదు. దానికి కోడి కావాలి. కోడి వెంట పడుతుంది, కోడి గంపలో దూరితే తనూ దూరుతుంది, బయటికి రాలేక ఏడుస్తుంది. గంప ఎత్తితే నా మీదే అలుగుతుంది. అదంతా రాశాను. కాగితం చాలలేదు.

ఆగస్టు 9
పాప పోయి ఏడాది. రాగి సంగటి కెలికాను, అందరూ తిన్నారు.

సెప్టెంబరు 25
ఈ రోజు జరిగింది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. అత్త పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. జాబు మడుస్తున్నాను. ఆమె అటూ ఇటూ చూసి మెల్లగా అడిగింది:
"ఈ నెల ఏం జేసిందని రాసినావు మే?"
వినలేదేమో అనుకున్నాను. మళ్ళీ అడిగింది. చదివి వినిపించాను — గొంగళి కప్పుకుని ముసలమ్మలా నడుస్తోందని, అచ్చం వాళ్ళ అవ్వలా వంగి నడుస్తోందని. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు. తర్వాత నవ్వు కాదు.
కలం లాక్కున్న మనిషి. ఆ రోజు నాతో కలిసి ఏడ్చి ఉంటే సరిపోయేది కదా. ఇప్పుడు నా దగ్గరికే వచ్చి చెయ్యి చాపుతోంది.

1945 ఫిబ్రవరి 12
పాకాల అబ్బాయి ఒకడు వచ్చాడు, నాగరాజు. ఆయనతో ఒకే గుడారంలో ఉంటాడు, సెలవు మీద వచ్చాడు. ఆయన ఇచ్చి పంపిన ఎర్ర ఉన్ని కుళ్ళాయి తెచ్చాడు. రెండేళ్ళ పిల్లకు సరిపోయేది.
"పాప యాడ వదినా? సూసి రమ్మన్నాడు రత్నం. ఎత్తుకోని బరువు గూడా సెప్పమన్నాడు."
అత్త తడుముకోలేదు. "అమ్మమ్మ ఊర్లో ఉండాది నాయనా."
మజ్జిగ తాగాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. "జాబు వస్తే అందరమూ సుట్టూ కూసుంటాము. రత్నం సదువుతాడు. కోడి గంపలో దూరిందని రాసినారే... సేలం ఆయప్ప ఒకడుండాడు, తెలుగు రాదు, అరవంలో సెప్పించుకోని మరీ నగినాడు. పెండ్లిగాని వాళ్ళు గూడా మా పాప, మా పాప అంటారు వదినా."
పోయేటప్పుడు రోడ్డు దాకా వెంట వెళ్ళాను. చింతచెట్ల దగ్గర చెప్పేశాను. పాప లేదు, ఏడాదిన్నర అయింది, నువ్వే ఆయనతో చెప్పు అని. గట్టు మీద కూర్చుండిపోయాడు. టోపీ తీసి చేతిలో తిప్పాడు.
"నా వల్ల కాదు వదినా. పోయిన నెల మా వాళ్ళు ముగ్గురు పొయ్యినారు. ఆ రోజు రత్నం ఒక్క మెతుకు ముట్టలేదు, మీ జాబు తీసి సదువుకున్నాడు. నేను పొయ్యి... ఎట్ల సెప్పేది?"
"మరి నేనేం చేసేది?"
"రాస్తా ఉండండి. ఆపొద్దండి."
ఎవరిని అడిగినా రాయమనే అంటారు. నేను రాసేదాన్ని కదా. కుళ్ళాయి సరోజకు పెడతానని, లెక్కలో కలపొద్దన్న రుక్మిణక్కే చెయ్యి చాపింది. ఇవ్వలేదు.

ఆగస్టు 19
యుద్ధం అయిపోయిందట. ఏర్పేడు స్టేషనులో చెప్పుకుంటుంటే బావ విని వచ్చాడు. అత్త కొబ్బరికాయ కొట్టింది. చేతులు కూడా కడుక్కోకుండా నా దగ్గరికి వచ్చింది.
"ఇంక గుండ్ల బయం లేదు గదా. రాసెయ్. ఇప్పుడు రాసెయ్ మే, ఉన్నది ఉన్నట్టు."
రెండేళ్ళు. రెండేళ్ళ తర్వాత నాకు సెలవు దొరికింది.

ఆగస్టు 21
రాయడానికి కూర్చున్నాను. 'మన అలివేలు' అని మొదలుపెట్టాను. 'ఈ మధ్య నన్ను పేరు పెట్టి పిలుస్తోంది, రాజీ అని, అచ్చం అవ్వలాగే' అని వచ్చింది. చించాను.

ఆగస్టు 22
మళ్ళీ చించాను.

సెప్టెంబరు 4
మూడో కాగితం. ఈసారి ముందే మూల చించి పెట్టుకున్నాను, ఇంకో మాట రాయడానికి వీలు లేకుండా. కలం ముంచాను. మూడు వరసలు రాశాను. చదువుకుంటే పాప లేత చింతకాయ కొరికి మొహం చిట్లించడం గురించి ఉంది. చిరిగిన మూలతో ఆ జాబు పంపలేను కదా. వేరే కాగితం తీసుకుని మళ్ళీ రాసి పంపాను. పసుపు నేనే పూశాను.
"రాసినావా?" అని అత్త. రాశానన్నాను.

డిసెంబరు 2
వస్తున్నాడు. పూర్తిగా వస్తున్నాడు. పదిహేనో తేదీ పగటి బండికి ఏర్పేడులో దిగుతాడట.
"పాపను స్టేషనుకు తీసుకురా. నేనెవరో ముందే చెప్పొద్దు. తనంతట తను నా దగ్గరికి వస్తుందో రాదో చూడాలి. వచ్చిన మూడో నాడే కొండకు పోదాం. నా ఒళ్ళోనే పుట్టువెంట్రుకలు తీయించాలి."
అత్త ముందు పైకి చదివాను, దాచలేదు. వింటూ వింటూ నా మొహంలోకి చూసింది.
"నువ్వు రాయలేదు."
"రాయలేదు."
"వాడికి ఎవురు సెప్పేది ఇప్పుడు? నువ్వే సెప్పు. రాసింది నువ్వే గదా."
"రాయమన్నది మీరు కాదా?"
"క్షేమం అని రాయమన్నాను. కోడి గంప, గొంగళి, అవన్నీ ఎవురు రాయమన్నారు?"
ఇద్దరం అక్కడే కూర్చున్నాం. పొయ్యి మీద ఏదో మాడింది.

డిసెంబరు 9
ఆయన ప్రాణాలతో వస్తున్నాడు. ఊరి నుంచి ముగ్గురు పట్టాళానికి పోతే ఇద్దరే తిరిగి వస్తున్నారు. నేను సంతోషపడాలి. పడుతున్నాను కూడా, ఒట్టు. కానీ మొహం గుర్తు తెచ్చుకోబోతే ఆయనది సరిగా రావడం లేదు. పాపది వస్తోంది. మూడేళ్ళు నిండబోతున్న మొహం. నేనెన్నడూ చూడనిది.
జాబులన్నీ ఆయన జేబులో ఉంటాయి. అన్నీ నా దస్తూరీయే.

డిసెంబరు 15
పొద్దున. ఎద్దులను కట్టారు. అత్త రాననేసింది, గోడ వైపు తిరిగి పడుకుంది. రుక్మిణక్క నా జడ వేసింది. సరోజను పక్కింటికి పంపేసింది. బావ తలపాగా చుట్టుకుంటూ వాకిట్లో తిరుగుతున్నాడు. "నేను సెప్తాలే, నువ్వు ఊరకుండు" అన్నాడు. వద్దన్నాను. ఆయనకు నా నుంచి వెళ్ళే ఈ ఒక్క మాటయినా మీరు వినకండి అన్నాను. తలపాగా ముడి వేసుకుని వెళ్ళి బండెక్కాడు.
ఏం చెబుతానో తెలియదు. మొదటి మాట ఏదో తెలియదు. చెయ్యెత్తి కొడతాడేమో. కొడితే బాగుండు. కొట్టకుండా, మరి పళ్ళు వచ్చాయన్నావే అని అడిగితే...
బావ పిలుస్తున్నాడు. ఎక్కాలి. ఆయన రైలు దిగేదాకా అలివేలు బతికే ఉంటుంది. ఎద్దులను మెల్లగా తోలమని చెప్పాలి.