బీజాపూర్ నక్షత్రాల కిటికీ

బీజాపూర్, జూన్ 9

ప్రియమైన మీకు,

ఫోన్లో పంపితే కొలత మారిపోతుందని ట్రేసింగ్ కాగితం ఇందులోనే పెడుతున్నా. ఇక్కడి పాత సమాధి కిటికీకున్న చిల్లుల రాతిజాలీలో నక్షత్రాలివి. ఉత్త కంపాసూ స్కేలూ చాలు, ఎంత గోడైనా నింపొచ్చు. మా ఆఫీసువాళ్లు హైదరాబాద్‌లో కొత్త బిల్డింగుకి వాడుతున్నారు. నేను మాత్రం మన పెళ్లి జరిగిన నందిగామ చర్చి కిటికీకని గీశా, సిమెంటులో పోసేది మీరే కాబట్టి. మీ చెయ్యి పడే కాగితం కదా అని పంపేముందు ఓసారి తడిమా. నవ్వకండి. ఫోన్లో మీరు ఆ, ఊఁ తప్ప అనరు. ఉత్తరమే రాయండి.

మీ జాయిస్

జగ్గయ్యపేట, జూన్ 24

ప్రియమైన జాయిస్‌కి,

అచ్చు చేసి నాలుగు పలకలు పోశా. పక్కపక్కన పెడితే ఒక్క నక్షత్రమూ కలవలేదు. చర్చి పెద్ద జ్ఞానయ్యగారు చూసి, ఇవి నక్షత్రాలా, విరిగిన అప్పడాలా అన్నారు. అన్నం వేళకే తింటున్నా. ఏం కూర తిన్నానో మాత్రం గుర్తుండట్లేదు.

నీ దేవరాజ్

బీజాపూర్, జూలై 2

ప్రియమైన మీకు,

తప్పు నాదే. మేమిక్కడ పావు భాగమే గీసి మిగతాది తిప్పుకుంటాం. ఆ అలవాటులో మీకు చెప్పడం మర్చిపోయా. ఒక పలక అలాగే ఉంచి, పక్కదాన్ని పుస్తకంలో పేజీలా బోర్లా తిప్పండి. కింది రెండూ పైవాటికి అద్దంలో బొమ్మల్లా ఉండాలి.

ఇంకో సంగతి. ఆరు నెలలకని వచ్చానా, మరో ఏడాది ఉండమంటున్నారు. నెలాఖరుకి సంతకం పెట్టాలి. మీరేమంటారు?

మీ జాయిస్

జగ్గయ్యపేట, జూలై 15

ప్రియమైన జాయిస్‌కి,

తిప్పి చూశా, కుదరట్లేదు. తెలిసినవాళ్లు దగ్గరుండి చూపిస్తే తప్ప ఈ కిటికీ అవదు. చర్చివాళ్లు తొందరపెడుతున్నారు. సంతకం సంగతి నీ ఇష్టం, నీ ఉద్యోగం. మధ్యలో నేనేం చెప్తాను? వానలు మొదలయ్యాయి, జాగ్రత్త.

నీ దేవరాజ్

బీజాపూర్, ఆగస్టు 2

ప్రియమైన మీకు,

నిన్న నందిగామ నుంచి అమ్మ ఫోన్ చేసింది. కిటికీ పెట్టి మూడు వారాలు కావస్తోందట, మీరు ఆ ఉత్తరం రాయకముందే. ఆదివారం ఎండకి నేలంతా నక్షత్రాలేనట, పిల్లలు పాట మానేసి వాటిమీద గెంతుతున్నారట. ఒక్క గీత తప్పలేదంది.

కుదరలేదని ఎందుకు రాశారో అప్పుడు తెలిసింది. చాలాసేపు ఏడ్చా. కోపమూ వచ్చింది. నా అవసరం కిటికీకి ఉందన్నారు, చర్చివాళ్లకి ఉందన్నారు. మీకు ఉందని ఒక్క ముక్క రాయలేదు. ఆ మాట వస్తుందేమోనని ముప్ఫై ఒకటో తారీఖు సాయంత్రం దాకా చూసి, సంతకం పెట్టేశా. అమ్మ ఫోన్ ఒక్కరోజు ముందొస్తే పెట్టేదాన్ని కాదు.

ఇప్పుడైనా రమ్మని రాయండి. రాలేను. అయినా అడిగారని ఉంటుంది.

మీ జాయిస్