నాన్నగారి ఎరుపు, బావ టేప్ రికార్డర్

పెడన, 1964

మార్చి 2, సోమవారం
టేప్ రికార్డర్ వచ్చేసింది! బావ కాంతారావు బందరు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. వారం రోజులు నాదే! పోయినవాళ్ళ మాటలు టేపు మీద పడతాయని పత్రికలో చదివాడట.

నాన్నగారు పోయి ఏడాది. అప్పటినుంచి మా గుడ్డల అద్దకంలో ఎరుపు రంగు, గీసిన గీత దాటి పాకుతోంది. కిటుకు ఆయనతోనే పోయింది. ఆదివారానికి సరైన ఎరుపు చూపించకపోతే షావుకారు పాండురంగారావుగారు ఇక మాకు అద్దడానికి గుడ్డ ఇవ్వరట. ఇంకేం, నాన్నగారినే అడిగేస్తాను!

నియమాలు:
రోజూ 4 నుంచి 4.30 దాకా రికార్డింగ్.
బీడీ బంద్.
ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదు.

మంగళవారం
4.00. "నాన్నగారూ, ఎరుపు ఎందుకు పాకుతోందండీ?"
టేపులో బుస్సుమని చప్పుడు. నాన్నగారి ఆయాసమే!
"నరసయ్యా, ఒక్క మాట చెప్పనా?" అంది అమ్మ.
"ష్! నువ్వు మాట్లాడితే ఆయనెలా మాట్లాడతారే?"

బుధవారం
4.20. మగ గొంతు! స్పష్టంగా!
5.00. వీధిలో ఉప్పుచేపలమ్మే గంగన్న గొంతట.
బీడీ ఒకటి. ఆ మాత్రం లేకపోతే ఎలా?

శుక్రవారం
నిన్న కరెంటు లేదు. ఉన్నా బద్ధకించేవాణ్ణే.
ఇవాళ టేపులో గురక. ఒళ్ళు జలదరించింది. నాదేనట. అమ్మ మళ్ళీ ఏదో చెప్పబోతే కసిరాను. బీడీలు నాలుగు.

శనివారం
మీట నొక్కేసి టీ కొట్టుకి పోయాను. నా మొహం చూస్తూ ఏ ఆత్మ మాట్లాడుతుంది? బీడీ కట్ట ఖాళీ. అంతా శుద్ధ దండగ. నాన్నగారి పేరు నా చేతుల్లోనే పోతోంది. ఏడుపొచ్చింది.

ఆదివారం
ఉదయం 7. మిషను తిరిగిచ్చేముందు నిన్నటి టేపు విన్నాను. అమ్మ గొంతు! పక్కింటి బుల్లెమ్మతో చెబుతోంది:
"ఎరుపు పట్టడానికి పటిక అచ్చు గుద్దాక వాళ్ళ నాన్న రెండ్రోజులు ఆరనిచ్చేవారమ్మా. తర్వాత పారే కాలవలో జాడించాలి. ముప్పయ్యేళ్ళు జాడించింది నేనే కదా! వీడేమో కాలవ దాకా పోవడానికి బద్ధకించి తొట్టిలో ముంచుతున్నాడు. నిలవ నీళ్ళల్లో పటిక పాకదూ? చెబుదామంటే నోరెత్తనివ్వడు."
మూడుసార్లు విన్నాను. సిగ్గుతో చచ్చాను.

9.00. షావుకారుగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. గురువారం దాకా గడువిచ్చారు. బావ కూడా మిషను ఇంకో వారం ఉంచుకోమన్నాడు.

కొత్త నియమాలు:
రోజూ 4 నుంచి 4.30 దాకా రికార్డింగ్.
బీడీ బంద్.
నేను నోరు మెదపకూడదు.

4.00. అమ్మని మిషను ముందు కూర్చోబెట్టి మీట నొక్కాను.
"ఏం చెప్పమంటావురా?" అంది.
"నీకు తెలిసిందంతా" అన్నాను.