ఇరవై ఆరు జానల బల్లెం

బ్రబాంట్‌లో ఒక పల్లె నుంచి,
1588 ఫిబ్రవరి

నాన్నకు, మీ ఓచోవా దండం పెట్టి రాస్తున్నాను.

మూడేళ్ళుగా ఒక్క ముక్క రాయలేదు. చెప్పకుండా సైన్యంలో చేరినవాడు ఏ మొహం పెట్టుకుని రాస్తాడు? "నీ చేతిలో కర్ర కుదురుగా ఉండదురా, నువ్వు వడ్రంగివి కాలేవు" అని పనివాళ్ళందరి ముందూ అన్నారు. మర్నాడే సైన్యంవాళ్ళు ఊళ్ళో డప్పు మోగించారు, వెళ్ళిపోయాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. కానీ ఈ ఉత్తరం అందుకు కాదు. మీ పట్ల నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి.

నేను బల్లెం మోసేవాణ్ణి. ఒక కొట్టంలో ఎనిమిది మందిమి, ఒకే కుండలో వండుకు తింటాం. బల్లెం ఇరవై ఆరు జానలు ఉండి తీరాలి. వానలో, బురదలో రోజంతా మోస్తే భుజం ఊడొస్తుంది. అందుకే చాలామంది అడుగున జానెడు కోసేస్తారు. దొరికితే శిక్ష. అయినా కోస్తారు. క్రిస్మస్ ముందు కొత్త బల్లేలు వచ్చాయి. మా గాస్పార్ రంపం పట్టుకొచ్చి, "రావయ్యా వడ్రంగీ, మీ ఎలోరియో ఊరి పనితనం చూపించు" అన్నాడు. ఎనిమిదీ నేనే కోశాను. ముక్కలు ఏరుతుంటే అప్పుడు కనబడ్డాయి, అడుగువైపు కాల్చిన మూడు గీతలు. మీ గుర్తు. ఎనిమిదింటి మీదా ఉంది. నేను నోరు తెరిచేలోపే గాస్పార్ వాటిని శనగల కుండ కింద మంటలో పెట్టేశాడు.

పోయిన వారం సార్జెంటు కొలకర్రతో వచ్చాడు. పక్క కొట్టం వాళ్ళవి వేరే వడ్రంగి చేసినవి, ఇరవై ఐదే తేలాయి. కోశామని ఎవరూ ఒప్పుకోలేదు. "ఆ ఎలోరియో వడ్రంగులు దొంగలు. వాళ్ళ దగ్గర ఇక కొనొద్దని పైకి రాస్తాను" అన్నాడు. నేను తల వంచుకుని నించున్నాను. ఒక్క మాట అనలేదు. అదీ నా తప్పు. తర్వాత మావి కొలిచాడు. నిండా ఇరవై ఆరు! మళ్ళీ కొలిచాడు. ఇరవై ఆరే.

"వానకి తడిసి పెరిగాయిరా" అన్నాడు గాస్పార్ నా చెవిలో. నాకు నవ్వు రాలేదు. మర్నాడు అందరూ చూస్తుండగా సార్జెంటు దగ్గరికెళ్ళి, "అయ్యా, కోసేది మేమే, వడ్రంగులు కాదు. ఆ ఎనిమిదీ నేనే కోశాను. అవి మా నాన్న చేసినవి" అని చెప్పేశాను. ఎగాదిగా చూశాడు. "కోస్తే పొట్టిదవ్వాలి కదరా! సరిగ్గా ఉన్నదానికి నిన్నేమని శిక్షించను? జానెడు కోసినా కొలతకు సరిపోయిందంటే మీ నాన్న దొంగ కాదు, పిచ్చోడు. పో!" అన్నాడు. కంపెనీ అంతా ఒకటే నవ్వు. పైకి రాస్తానన్నది మానుకున్నాడు.

మీరు జానెడు ఎందుకు ఎక్కువ పెట్టారో నాకింకా అంతుపట్టలేదు. ఇంకొకటి అడగాలి. ఈ ఆకురాలే కాలానికి నాకు సెలవు చీటీ ఇస్తామన్నారు. ఇంటికొస్తే గుమ్మం ఎక్కనిస్తారా? వద్దంటే ఇక్కడే ఉండిపోతాను.

మీ కొడుకు
ఓచోవా

ఎలోరియో,
ఏప్రిల్

ఒరేయ్ ఓచోవా,

చెప్పేది నేను, రాసేది గుడిలో గంటలు కొట్టే దొమింగో. మర్యాదగా చెప్పమంటున్నాడు. నావల్ల కాదన్నాను.

నీ ఉత్తరం పనివాళ్ళందరి ముందూ చదివించాను. ఆ మాట అన్నదీ వాళ్ళ ముందే కదా. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

నేనూ బల్లెం మోసినవాణ్ణే. తెలిస్తే నువ్వూ పోతావని చెప్పలేదు. చెప్పకపోయినా పోయావు. లొంబార్డీలో జానెడు కోసి దొరికిపోయాను. భుజానికొక బల్లెం పెట్టి రోజంతా సంత మధ్యలో నిలబెట్టారు. కూరలమ్మే ఆడవాళ్ళు వాటికి జడల్లా అల్లిన ఉల్లిపాయల దండలు తగిలించి బేరం చేసుకున్నారు. అందుకే కొట్టు పెట్టిన దగ్గర్నుంచి ప్రతి బల్లెం ఇరవై ఏడు జానలు చేస్తున్నాను. కోసినవాడికి తేలికైనట్టుంటుంది, కొలిచినవాడికి సరిపోతుంది. కర్ర దండగని మీ అమ్మ ఏళ్ళ తరబడి తిట్టింది. నువ్వు పోయాక తిట్టడం మానేసింది. నేను కొలుస్తుంటే పక్కన నించుని, "ఇంకాస్త వదలండి" అంటుంది.

ఎనిమిదీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఇరవై ఆరు తేలాయా? కొలకర్ర లేకుండా కోశావా? అయితే నీ చెయ్యి కుదిరిందిరా. నేనన్నది తప్పు. ఇది మాత్రం పెద్ద అక్షరాలతో రాయమని దొమింగోకి చెప్పాను.

గుమ్మం సంగతి అడగడానికి సిగ్గులేదూ? వచ్చెయ్. నీ పనిబల్ల మీద మీ అమ్మ జున్ను ఆరబెడుతోంది, ఈ పూటే తీయించాను. అంతవరకూ ఆ రంపం ముట్టుకోకు. ఇంకో జానెడు కోశావంటే నేను కాపాడలేను, నేను కలిపింది ఒక్క జానే.

మీ నాన్న
ఒర్తున్యో