ఐదో వేలు ఎవరిది?

రామన్నపేట,
ఆగస్టు 8

చిరంజీవి సుస్మితను దీవించి బాపు ఐలేశం రాస్తున్న సంగతులు.

మేమంతా క్షేమం. గొర్రెలు కూడా క్షేమం. ఇక క్షేమం కాని విషయానికి వస్తాను.

ఆదివారం నువ్వు హాస్టల్ ఫోనులో మాట్లాడినప్పుడే అడుగుదామనుకున్నాను. కానీ అక్కడ నీ వెనక పిల్లలు వరుస కట్టి ఉంటారు, పక్కన వార్డెన్ మేడం ఉంటుంది. ఇక్కడ మీ అమ్మ సోమమ్మ నా భుజం మీద గడ్డం ఆనించి వింటుంది. ఇది అంతమంది వినే మాట కాదు. అందుకే గొర్రెల సొసైటీ తీర్మానాలు రాసే చేత్తోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. చదివి చింపెయ్యి.

మీ అన్న గిరికి పెళ్లయి కోడలు నాగరాణి మన ఇంటికి వచ్చింది కదా. పాపం, ఆ పిల్ల వాళ్లమ్మతో మాట్లాడాలన్నా ఫోను తెరిచి ఇమ్మని మమ్మల్ని అడుక్కోవాల్సి వస్తోంది. ఫోను తెరిచే నెంబరు చెబుదామంటే, ఎవరికీ చెప్పవద్దని బ్యాంకు వాళ్లు గట్టిగా చెప్పారు. ఇంటి మనిషి అన్నాక, తాకితే తెరుచుకునేలా ఇంటి ఫోనులో ఆమె వేలిముద్ర ఉండాలని నాగరాణిని విజేందర్ ఫోన్ల దుకాణానికి తీసుకెళ్లాను. విజేందర్ ఏదేదో నొక్కి చూసి, "జాగా లేదు మామా. అయిదు వేళ్లే పడ్తయి, అయిదూ నిండినయి" అన్నాడు.

అక్కడే నిలబడి లెక్కపెట్టాను. నావి రెండు బొటనవేళ్లు, గిరిది ఒకటి, ఎండాకాలం సెలవుల్లో నువ్వు పెట్టుకున్నది ఒకటి. నాలుగే. మీ అమ్మ లెక్కలోకి రాదు. పత్తి ఏరి ఏరి, బోళ్లు తోమి తోమి ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో కూడా కళ్లు చూపిస్తే తప్ప ఆమెకు బియ్యం ఇవ్వరు. మరి ఐదో వేలు ఎవరిది?

ఎవరిదో ఫోను చెప్పదట. ఆ వేలే వచ్చి తాకితే తెరుచుకుంటుంది, అంతే. తీసేయమంటావా అని విజేందర్ అడిగాడు. వద్దన్నాను. వేలు తీసేస్తే మనిషి దొరకడు. సెలవుల్లో ఫోను ఎక్కువగా నీ చేతిలోనే ఉంది. నిన్ను అనుమానించడం లేదు. కానీ నిద్ర మాత్రం పట్టడం లేదు.

ఇట్లు,
నీ మేలు కోరే బాపు,
ఐలేశం

తా.క. ఈ సంగతి అమ్మకు చెప్పకు, భయపడుతుంది. గిరికి చెప్పకు, అరుస్తాడు. నాగరాణికి చెప్పే పని లేదు. ఫోనులో జాగా లేదంటే ఇంట్లో జాగా లేనట్టే అనుకుని ఆ పిల్ల సరిగా తినడమే మానేసింది.

* * *

నల్లగొండ,
ఆగస్టు 14

బాపుకు సుస్మిత నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. హాస్టల్‌లో నాకు ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. ఎవరు రాశారని మా గది వాళ్లంతా మీద పడ్డారు. మా బాపు అంటే ఒక్కరూ నమ్మలేదు.

నీకు అబద్ధం చెప్పను. ఆ ఐదో వేలు ఎక్కించింది నేనే. కానీ ఎవరిదో చెప్పనని ఒట్టు వేశాను. చెబితే నీకు కోపం వస్తుంది, ఆ మనిషికి తలవంపులవుతాయి. ఒక్కటి మాత్రం నమ్ము బాపు, అది పరాయి మనిషిది కాదు. మన ఇంట్లో అన్నం తిన్న మనిషిదే. నా మీద ప్రేమ కొద్దీ అడిగితే కాదనలేకపోయాను.

దయచేసి ఎవరినీ ఏమీ అడగకు. పరీక్షలు దగ్గర పడ్డాయి. పుస్తకం తెరిస్తే అక్షరాల బదులు నీ ముఖమే కనిపిస్తోంది, అదీ కోపంగా.

నీ బిడ్డ,
సుస్మిత

తా.క. నాగరాణి వదినను బాధ పెట్టవద్దు. నా వేలు తీసేసి ఆమెది పెట్టండి. ఇక్కడ ఉన్నదాన్ని, ఆ ఇంటి ఫోనుతో నాకేం పని?

* * *

రామన్నపేట,
ఆగస్టు 22

సుస్మితకు దీవెనలు. ఇంతకన్నా మంచి మాటలు ఇవాళ నాకు తోచడం లేదు.

నీ ఉత్తరం పట్టుకుని గొర్రెల వెంట తిరుగుతూ పదేపదే చదివాను. మన ఇంట్లో అన్నం తిన్న మనిషి. నీ మీద ప్రేమ ఉన్న మనిషి. పైగా నీ వేలు తీసేయమంటున్నావు. పుట్టింటి నుంచి వేలు తీసేయమంటే వేరే ఇంటికి పోవడానికి సిద్ధపడినట్టే కదా.

గిరి పెళ్లిలో ఊరంతా మన ఇంట్లో తిన్నది. అందులోంచి ముసలివాళ్లను తీసేశాను, పిల్లలను తీసేశాను. చివరికి సోమన్న కొడుకు వెంకటేశ్ మిగిలాడు. బడిలో నీతో చదివాడు, పాల వ్యాను నడుపుతాడు. పెళ్లిలో నీకు అడక్కుండానే రెండోసారి పెరుగు వడ్డించాడు. నేను చూశాను.

ఫోను తెర మొరాయిస్తోంది, నీ వేలికి పనిచేస్తుందేమో చూడమని అతన్ని ఇంటికి పిలిచాను. చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ పెట్టించాను. నాలుగైదు వేళ్లకే ఫోను అలిగి, కాసేపు ఆగమంది. ఆగినంతసేపూ మాటలుండాలి కదా. అందుకని పొలమెంత, కల్లు తాగుతావా అని అడిగాను. మళ్లీ పెట్టించాను, మళ్లీ ఆగమంది. భోజనాల వేళ అయింది. వచ్చిన మనిషిని పస్తు పంపలేక కోడిని కోయించాను. ఏ వేలికీ ఫోను తెరుచుకోలేదు. కుడి చూపుడు వేలికి మాత్రం గుడ్డ కట్టి ఉంది. విప్పమనడం బాగుండదని ఊరుకున్నాను.

మర్నాడు సోమన్న, అతని భార్య గుర్వమ్మ కొబ్బరికాయ, పూలు తీసుకుని వచ్చారు. "మా పోరని చెయ్యి పట్టుకొని వేలు వేలు సూశినవట అన్నా. కోడి కోసి పెట్టినవట. మాకైతే ఇష్టమే" అంది గుర్వమ్మ.

నేను వెతుకుతున్నది అల్లుణ్ని కాదు, దొంగవేలును అని ఎలా చెప్పను? నోరు తెరిస్తే నీ పేరు బజారున పడుతుంది. మూసుకుంటే పెళ్లి కుదురుతుంది. మూసుకున్నాను. దసరాకు పిల్లను పిలిపిస్తానన్నాను.

ఇదీ ఒకందుకు మంచిదేమో. ఆ వేలు అతనిదే అయితే గొడవ పెళ్లితో పోతుంది. దసరాకు పెట్టె సర్దుకుని వచ్చెయ్యి. చదువు సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
ఏం చేయాలో తోచని బాపు,
ఐలేశం

తా.క. కవరు అంటించే ముందు ఇది చేరుస్తున్నాను. పాల కేంద్రం దగ్గర వెంకటేశ్ కనిపించాడు. వేలికి కట్టు లేదు. పెట్టించి చూశాను, తెరుచుకోలేదు. ఆ అబ్బాయికి ఏ పాపమూ తెలియదు. కానీ వాళ్లకు మాట ఇచ్చేశాను. పైగా ఇప్పుడు నన్ను మామా అని పిలుస్తున్నాడు.

* * *

నల్లగొండ,
ఆగస్టు 27

బాపుకు,

నమస్కారాలు. ఒట్టు తప్పుతున్నాను. ఇక తప్పదు.

అది అమ్మ వేలు. చేతి వేలు కాదు. ఎడమ కాలి బొటనవేలు.

సెలవుల్లో ఒకరోజు నువ్వు గొర్రెలతో వెళ్లాక అమ్మ నా దగ్గర కూర్చుని, "ఇంట్ల అందరి వేళ్లున్నయి బిడ్డా, నాదొక్కటే లేదు. జర పెట్టిపో" అంది. చేతి వేళ్లన్నీ పెట్టి చూశాం. నూనె రాశాం, నిమ్మకాయతో రుద్దాం. ఒక్కటీ పడలేదు. మోచెయ్యి పెట్టాం, ముక్కు కూడా పెట్టాం. ఇద్దరమూ నవ్వీ నవ్వీ, ఇంక మిగిలింది కాలే కదా అని ఊరికే పెట్టించాను. వెంటనే పట్టేసింది.

అప్పుడు అమ్మ తెర వైపు చూసింది. నువ్వు పెట్టించుకున్న చెర్వుగట్టు రామలింగేశ్వరుడి బొమ్మ. వేలు పెట్టే జాగా సరిగ్గా స్వామి మీదే ఉంది. అమ్మ గబగబా లెంపలు వేసుకుంది. పొద్దున లేవగానే నువ్వు ఆ ఫోనుకే దండం పెట్టుకుంటావు, దసరాకు గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరలతో పాటు దానికీ బొట్టు పెడతావు. అందుకే నీకు చెబితే తన మీద ఒట్టేనంది. కానీ వేలు తీసేస్తానంటే మాత్రం వద్దంది. దేవుడికి తానే చెప్పుకుంటానంది.

ఇందులో వెంకటేశ్ లేడు, ఎవరూ లేరు. బాపు, నన్ను చదువు మాన్పించకు. అతని మీద నాకు కోపం లేదు, పెళ్లి మీదా లేదు. కానీ ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ముందు నిలబడితే ఇది నా జాగా అనిపిస్తుంది. దాన్ని తీసెయ్యకు. నాకు చాలా భయంగా ఉంది.

నీ బిడ్డ,
సుస్మిత

తా.క. ఒట్టు తప్పాను కాబట్టి అమ్మకు ఏమైనా అవుతుందేమోనని ఇంకో భయం. ఈ ఉత్తరం చదవగానే ఒకసారి వెళ్లి చూడు.

* * *

రామన్నపేట,
సెప్టెంబరు 3

చిరంజీవి సుస్మితకు బాపు మనసారా దీవెనలు.

అమ్మ బాగుంది. నువ్వు కంగారు పడుతుంటావని ఆ మాట ముందు రాస్తున్నాను.

ఉత్తరం చదవగానే నాకు కోపమే వచ్చింది. స్వామి మీద కాలా అని. గొర్రెలను గిరికి అప్పగించి మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. మీ అమ్మ కొట్టం నీడలో పీట మీద ఫోను పెట్టుకుని, లెంపలు వేసుకుని, కాలు చాపి తెరుస్తోంది. అరుద్దామనుకున్నాను. అంతలో ఫోనులోంచి నీ గొంతు వినిపించింది.

సెలవుల్లో పరీక్షల కోసం నువ్వు పాఠాలు చదివి దాంట్లో దాచుకున్నావట. కప్ప గుండెకు మూడు గదులు అంటున్నావు. మీ అమ్మ నీతో పాటు పెదవులు కదుపుతోంది. నువ్వు దగ్గిన చోట ఆమె కూడా ఆగి మళ్లీ అందుకుంటోంది. సంతకం చేయడం రాని మనిషి. నేను గోడ పక్కనే ఆగిపోయాను.

సరిగ్గా అప్పుడే గుర్వమ్మ వచ్చి, దసరాకు ఏ రోజు రమ్మంటారని అడిగింది. మీ అమ్మ కూర్చున్న చోటు నుంచి లేవకుండానే చెప్పింది. "పిల్లను ఇప్పుడే ఇయ్యం వదినె. కప్ప దాకనే అయింది. ఇంక శానా ఉంది."

గుర్వమ్మ నా ముఖం చూసింది. నాకు అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఆమె చెప్పిందే మా మాట అన్నాను. వాళ్లు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. తర్వాత సోమన్నే వచ్చి, పిల్ల చదువు మధ్యలో అడగడం మాదే తొందరన్నాడు. వెంకటేశ్ మామా అనడం మానేసి మళ్లీ సొసైటీ సారూ అంటున్నాడు.

గుర్వమ్మ వెళ్లాక ఫోను సంగతి అడిగాను. మీ అమ్మ బెదిరిపోయింది. "పిల్ల మాట ఇనవడకపోతే బువ్వ దిగుతలేదు" అంది. సుస్మితా, ఆమె చేతి వేళ్లన్నీ మన ఇంటి పనికే అరిగాయి. అందరి వేళ్లకూ ఫోను తెరుచుకుంటుంటే ఆమె దొంగలా కాలు చాపుకోవాల్సి వచ్చింది. నేను మాత్రం దొంగ కోసం ఊరంతా వెతికాను. నాకు చాలా సిగ్గేసింది.

మళ్లీ విజేందర్ దగ్గరికి వెళ్లి రామలింగేశ్వరుణ్ని తీయించి గోడ మీదికి పటంగా మార్చాను. ఫోనులో నా బొమ్మ పెట్టించాను. దేవుడికి కాలు తగిలితే దోషం. నాకు తగిలితే ఏమవుతుంది, సంసారం చేసినవాణ్ని.

నాగరాణి వేలు కూడా ఎక్కించాం. నా ఎడమ బొటనవేలు తీసేశాం. ఆ పని మొదటి రోజే ఎందుకు చేయలేదని విజేందర్ అడిగాడు. దానికి జవాబు ఇంకా ఆలోచిస్తున్నాను. నీ వేలు మాత్రం తీయలేదు, తీయను. పెట్టె సర్దవద్దు. బుద్ధిగా చదువుకో.

ఇట్లు,
హాయిగా నిద్రపోతున్న బాపు,
ఐలేశం

తా.క. మీ అమ్మకు కప్ప మొత్తం నోటికి వచ్చేసిందట. తర్వాతి పాఠం దసరా సెలవుల్లో చదివి పెట్టి పొమ్మంటోంది. ఈసారి కొంచెం మెల్లగా చదువు, నేను కూడా వింటున్నాను.