సాక్షికి కుర్చీ

ఆదివారం రాత్రి, వేప్పనపల్లి

సింగపూర్ నుంచి వచ్చాక నాయనతో తీరిగ్గా కూర్చున్నది ఈ సాయంత్రమే. లా కాలేజీ వాళ్లు మమ్మల్ని తిప్పిన చోట్లన్నీ ఫోన్‌లో చూపించాను. మేడలకూ సముద్రానికీ ఊఁ కొడుతూ మామిడికాయలు ఏరుతూనే ఉన్నాడు. కోర్టులో ఫోటోలు తీయనివ్వలేదు కాబట్టి అక్కడి సంగతి నోటితోనే చెప్పాను. ఒక ముసలాయన సాక్ష్యం చెప్పడానికి వస్తే జడ్జి ముందుగా కూర్చోమన్నారని, ప్రశ్నలు ఆ తర్వాతేనని.

నాయన చేతిలో కాయ ఆగిపోయింది.

"కుర్చీ యేసినారామ్మా?"

"యేసినారు నాయనా. నీళ్లు గూడా ఇచ్చినారు."

"మీ పెదనాయన పొలం గట్టు కేసులో సాచ్చిగా నిలబడి నిలబడి నాకు మోకాళ్లు వణికినాయి. అబద్ధం చెప్తాండాననుకున్నారేమో."

ఆ కేసు పోయింది. తన వల్లే పోయిందని ఇన్నేళ్లూ మనసులో పెట్టుకున్నాడన్నమాట. నాకెప్పుడూ చెప్పలేదు.

"ఎవురన్నా అడిగింటే కుర్చీ ఇచ్చిందురేమో. మన వకీలుకు తోచలేదు. నువ్వు అడుగుతావా?"

అడుగుతానన్నాను. కాలేజీలో ఉత్తుత్తి వాదనలకే గొంతు పెగలదు నాకు. నిజమైన జడ్జి ముందు నోరు లేస్తుందో లేదో. అయినా, ఇంత దూరం వెళ్లొచ్చినందుకు నాయనకు పనికొచ్చే మాట ఒకటి తెచ్చానని తృప్తిగా ఉంది.

అన్నాలప్పుడు అమ్మకు సింగపూర్ గురించి నాయనే చెప్పాడు. మేడల ఊసు లేదు, సముద్రం ఊసు లేదు.

"ఆడ సాచ్చిని ముందు కూర్చోమంటారంట. మన పాప గూడా ఈడ అడుగుతాదంట."