చెల్లెలి పాదం ఎర్రబడింది

బాబూ,

రెండు రోజుల పసికందుగానే నువ్వు పోయి ఏడాదయింది. నిన్న పొద్దున్న విజయనగరం ఆసుపత్రిలో నీకు చెల్లెలు పుట్టింది. నీలాగే ఏడవలేదు, నీలంగా మారిపోయింది. ఊపిరి అందించాక నర్సమ్మ దాని కాలికి బీపీ చూసే చిన్న పట్టీ కట్టి, పాదాన్ని గుడ్డతో గట్టిగా చుట్టి, పట్టీలో గాలి నింపి, చుట్టిన గుడ్డ విప్పింది. పాదం తెల్లగా పాలిపోయింది.

"ఏటిది, పురిటిబిడ్డకి బీపీయేటి?" అంది మీ నాయనమ్మ.

"రగతపోటు పడిపోతే తలకి రగతం అందదమ్మా. గాలి వదుల్తన్నాను, కాలు ఎప్పుడు ఎర్రబడతాదో సూడు, ఆలస్యమైతే పోటు తక్కువున్నట్టే," అంది నర్సమ్మ.

ఆలస్యంగా ఎర్రబడింది. డాక్టరుగారు సెలైను ఎక్కించారు. మళ్ళీ చూస్తే తొందరగానే ఎర్రబడింది. సాయంత్రానికి సన్నగా ఏడ్చింది.

నువ్వు ఇంట్లో పుట్టావు. చలి తగలకూడదని ఆ రెండు రోజులూ నీ పాదాలకి గుడ్డ చుట్టే ఉంచాను. అవి ఏ రంగులో ఉన్నాయో ఒక్కసారీ విప్పి చూడలేదు.

అమ్మ